బీస్ట్ మ్టవరీరా: పదేళ్ల ఎడంలో రెండు స్క్రమ్‌లు, మధ్యలో మారిన నిబంధనలు

క్లుప్తంగా: ‘బీస్ట్’ అని పిలిచే దక్షిణాఫ్రికా రగ్బీ ఆటగాడు, లూజ్‌హెడ్ ప్రాప్ (స్క్రమ్ ముందు వరుసలో ఎడమ పక్క నిలబడేవాడు) టెండాయ్ మ్టవరీరా 2008 నుంచి 2019 వరకు 117 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆడాడు. 2009లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ మీద డర్బన్‌లో, 2019 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద యొకొహామాలో అతని స్క్రమ్ (రెండు జట్ల వాళ్లు తలలు కలిపి ఒకరినొకరు తోసుకునే పోటీ) ఆటను మలుపు తిప్పింది. అయితే ఆ రెండు స్క్రమ్‌లూ ఒకే నిబంధనల కింద జరిగినవి కావు. ఢీకొనే బలం మీద ఆధారపడిన రోజుల్లో పైకొచ్చిన ఆటగాడు, పట్టు మీద ఆధారపడే రోజుల్లోనూ నిలబడటమే ఈ కెరీర్‌లో అసలు విశేషం.

2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడటంతో తెలుగు ప్రేక్షకులు కొందరు ఈ ఆటను మొదటిసారి శ్రద్ధగా చూశారు. అది ఏడుగురు ఆడే సెవెన్స్. అందులో స్క్రమ్ అంటే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. బంతి క్షణాల్లో బయటపడుతుంది, పరుగు మళ్లీ మొదలవుతుంది. అదే ప్రేక్షకులు పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ మ్యాచ్ చూస్తే తికమక పడతారు. పదహారు మంది తలలు కలిపి వంగుతారు, కుప్పకూలుతారు, లేస్తారు. రిఫరీ చెయ్యెత్తి ఎవరికో పెనాల్టీ ఇస్తాడు. బంతి కదలకుండానే 3 పాయింట్లకు దారి దొరుకుతుంది. ఎందుకిచ్చాడో కామెంటేటర్లు కూడా ఒక్కోసారి తేల్చి చెప్పలేరు. ఆ ముడి విప్పడానికి మ్టవరీరా కెరీర్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ముందు వరుసలో ఎవరి పని ఏమిటి

ప్రత్యర్థికి బంతి చేజారి ముందుకు పడినా, ముందుకు పాస్ ఇచ్చినా మనకు స్క్రమ్ వస్తుంది. ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది మూడు వరుసల్లో కట్టుకుంటారు. మధ్యలో హుకర్, జెర్సీ నంబరు 2. అతనికి ఎడమ పక్కన లూజ్‌హెడ్ ప్రాప్, నంబరు 1. కుడి పక్కన టైట్‌హెడ్ ప్రాప్, నంబరు 3. వీరి వెనక ఇద్దరు లాక్‌లు, రెండు అంచుల్లో ఫ్లాంకర్లు, చివర నంబర్ ఎయిట్. అంతర్జాతీయ స్థాయిలో ఈ ఎనిమిది మంది బరువు కలిపితే 900 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది.

రెండు ముందు వరుసలూ ఎదురెదురుగా తలలు దూర్చుకున్నప్పుడు లూజ్‌హెడ్ తల అన్నిటికంటే బయట పడుతుంది. ఎడమవైపు అతనికి అడ్డు ఎవరూ ఉండరు, బరువు ప్రధానంగా కుడి భుజం మీదే పడుతుంది. టైట్‌హెడ్ సంగతి వేరు. ప్రత్యర్థి లూజ్‌హెడ్‌కూ హుకర్‌కూ మధ్య అతని తల ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా ఒత్తిడి వస్తుంది. అందుకే స్క్రమ్‌కు ఆధారస్తంభం టైట్‌హెడ్ అంటారు. అతను కదలకుండా నిలబడితే చాలు, తన జట్టు బంతి భద్రం. అతన్ని కదిలించడమే ఎదుటి లూజ్‌హెడ్ పని.

కదిలించే దారి ఒకటే: కింది నుంచి దూరి, భుజంతో టైట్‌హెడ్ ఛాతీని పైకి నెట్టడం. అతని వీపు తిన్నగా ఉన్నంతసేపు వెనక లాక్ ఇచ్చే తోపు అతని నడుం గుండా ముందుకు వస్తుంది. ఛాతీ లేచిందా, ఆ దారి తెగిపోతుంది. వెనకాల 120 కిలోల మనిషి ఎంత తోసినా ఆ బలం ప్రత్యర్థిని చేరదు, మధ్యలో ఉన్న తన ప్రాప్ నడుమునే విరుస్తుంది. ఆ స్థితిలో టైట్‌హెడ్‌కు మూడు దారులే మిగులుతాయి: నిటారుగా లేచిపోవడం, హుకర్‌ను వదిలి పక్కకు జారడం, కింద పడేయడం. రిఫరీ కంట పడితే మూడూ పెనాల్టీలే.

తప్పులు లూజ్‌హెడ్‌కూ ఉంటాయి. అతని ఎడమ చెయ్యి టైట్‌హెడ్ కుడి చేతికి లోపలి వైపు నుంచి వెళ్లి, వీపునో పక్కటెముకల దగ్గర జెర్సీనో పట్టుకోవాలి. చెయ్యి పట్టుకున్నా, భుజం దగ్గరే ఆగినా తప్పు. పట్టు జారి మోచెయ్యి నేల వైపు తిరిగిందంటే కిందికి లాగుతున్నాడని రిఫరీ అనుమానిస్తాడు. తిన్నగా తోయకుండా పక్క నుంచి హుకర్ మీదికి కోణంలో దూసుకెళ్లడం మరో తప్పు. తుంటి భుజాల కంటే పైకి లేస్తే తల కిందికి దిగిపోయి స్క్రమ్ కూలుతుంది. నేల తడిగా ఉండి బూటు మేకులు పట్టకపోయినా ఫలితం అదే, కాకపోతే అప్పుడు తప్పెవరిదో తేల్చడం మరీ కష్టం.

రెండు ప్రాప్ స్థానాలూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదానికొకటి మారకం కావు. దాపట అలవాటు పడ్డ ఎద్దును వలపట కడితే నడక కుదరనట్టే, మంచి లూజ్‌హెడ్‌లలో చాలామంది టైట్‌హెడ్‌గా తేలిపోతారు.

నంబర్ ఎయిట్ నుంచి ప్రాప్‌గా

మ్టవరీరా 1985 ఆగస్టు 1న జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టాడు. ‘బీస్ట్’ అన్న పేరు చిన్నప్పుడే వచ్చింది. స్కూలు రోజుల్లో అతను ఆడింది వెనక వరుసలో, బంతి పట్టుకుని పరుగెత్తే స్థానంలో. డర్బన్‌లోని షార్క్స్ జట్టు అకాడమీకి చేరాక అప్పటి కోచ్ డిక్ మ్యూర్ అతన్ని ముందు వరుసకు మార్చాడు.

ఈ మార్పులో కొంత లెక్క ఉంది. వెనక వరుస వాళ్లకు వేగం, బంతి చేత పట్టి ఢీకొట్టే నేర్పు ఉంటాయి. లేనిది మెడ బలం, కాళ్లు కదలకుండా ఒత్తిడి భరించే అలవాటు. టైట్‌హెడ్‌కు ఆ లోటు పూడాలంటే చాలా ఏళ్లు పడుతుంది. లూజ్‌హెడ్‌కు ఒక భుజం స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి త్వరగా కుదురుకోవచ్చు, పాత స్థానంలోని వేగం కూడా వృథా పోదు. మ్టవరీరా బంతి అందుకున్నప్పుడల్లా స్టేడియమంతా ‘బీ...స్ట్’ అని దీర్ఘం తీయడం వెనక ఉన్నది ఆ పాత నంబర్ ఎయిట్ పరుగే.

2008 జూన్‌లో ప్రిటోరియాలో వేల్స్ మీద తొలి టెస్టు ఆడాడు. సరిగ్గా ఏడాదికి లయన్స్ వచ్చారు.

డర్బన్, 2009 జూన్ 20

ఇంగ్లండ్, వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్ ఆటగాళ్లతో కూడిన లయన్స్ జట్టు దక్షిణాఫ్రికాకు పన్నెండేళ్లకు ఒకసారి వస్తుంది. తొలి టెస్టులో వాళ్ల టైట్‌హెడ్ ఫిల్ వికరీ, 2003 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు సభ్యుడు. 23 ఏళ్ల మ్టవరీరా అతని కిందికి పదేపదే దూరాడు. వికరీ ఛాతీ లేచిపోవడం, హుకర్ నుంచి విడిపోవడం, న్యూజిలాండ్ రిఫరీ బ్రైస్ లారెన్స్ లయన్స్ మీద పెనాల్టీ ఊదడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. రెండో అర్ధభాగం మొదట్లోనే వికరీని తప్పించి వేల్స్ టైట్‌హెడ్ ఆడమ్ జోన్స్‌ను దించారు. దాంతో లయన్స్ స్క్రమ్ కుదురుకుంది, జట్టు పుంజుకుంది. అయినా దక్షిణాఫ్రికా 26–21తో గెలిచింది. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మ్టవరీరాయే. ఒక ప్రాప్‌కు ఆ అవార్డు రావడం అరుదు.

అతను తిన్నగా తోయలేదని, వికరీ మీదికి కోణంలో వెళ్లాడని బ్రిటన్‌లో అప్పుడు గట్టిగా వాదించారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. ఇలాంటి స్క్రమ్‌లలో లూజ్‌హెడ్ తుంటి కొంత బయటికి తిరగడం మామూలే, దాన్ని తప్పుగా చూడాలా లేదా అన్నది రిఫరీ నిర్ణయం. అయితే మొత్తం కథ అందులోనే లేదు. రెండో టెస్టుకు లయన్స్ ఏం మార్చారో చూస్తే అసలు కారణాలు బయటపడతాయి. వికరీ బదులు ఆడమ్ జోన్స్ వచ్చాడు. పొట్టిగా, తేలిగ్గా ఉండే హుకర్ లీ మియర్స్ బదులు మాథ్యూ రీస్ వచ్చాడు. లాక్‌గా అలున్ విన్ జోన్స్ స్థానంలో బాగా బరువున్న సైమన్ షా వచ్చాడు. అంటే తొలి టెస్టులో కూలింది వికరీ ఒక్కడే కాదు. అతని పక్కన ఆనుకునే భుజం బలంగా లేదు, వెనక నుంచి వచ్చే తోపూ చాలలేదు. ప్రాప్ పడిపోతే కెమెరా ప్రాప్‌నే చూపిస్తుంది. తప్పు చాలాసార్లు అతని వెనక మొదలవుతుంది.

సిరీస్ 2–1తో దక్షిణాఫ్రికాది. చివరి టెస్టుకు వికరీ తిరిగొచ్చాడు, లయన్స్ 28–9తో గెలిచారు. ఒక మ్యాచ్ చూసి ప్రాప్‌ను అంచనా వేయకూడదనడానికి ఆ రెండు వారాలే సాక్ష్యం.

మధ్యలో మారిన మూడు మాటలు

2009లో రిఫరీ పలికే ఆదేశాలు నాలుగు: క్రౌచ్, టచ్, పాజ్, ఎంగేజ్. వంగాలి, ఎదుటివాడి భుజాన్ని తాకి చెయ్యి వెనక్కి తీసుకోవాలి, ఆగాలి, ఆ తర్వాత ఒక్కసారిగా ఢీకొనాలి. పట్టు దొరికేది ఢీకొన్న తర్వాతే. కాబట్టి మొదటి క్షణంలో ఎవరు వేగంగా, కిందుగా తగిలితే వాళ్లదే పైచేయి. మ్టవరీరా లాంటి పేలుడు వేగం ఉన్నవాడికి ఆ పద్ధతి కలిసొచ్చింది.

ఆ పద్ధతి ఖర్చు మెడలు భరించాయి. బాత్ విశ్వవిద్యాలయం స్క్రమ్ యంత్రంతో చేసిన కొలతల్లో అత్యున్నత స్థాయి పురుషుల ప్యాక్ (స్క్రమ్‌లోని ఎనిమిది మంది) ఢీకొనే బలం 16 కిలోన్యూటన్లు దాటింది. సుమారు 1.6 టన్నుల బరువుకు సమానం, అదీ క్షణంలో. స్థిరంగా తోస్తున్నప్పటి బలం అందులో సగం దగ్గర ఉంటుంది. అంటే ప్రమాదంలో పెద్ద భాగం పోటీ కోసం కాకుండా ఆ మొదటి గుద్దు కోసం భరిస్తున్నదే. 2012లో ఆదేశాలను క్రౌచ్, టచ్, సెట్‌గా కుదించారు. 2013లో క్రౌచ్, బైండ్, సెట్ వచ్చింది. ఇందులో ప్రాప్‌లు ముందే ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుంటారు, దగ్గరగా వంగి ఉంటారు, ‘సెట్’ అనగానే ముందుకు ఒరుగుతారు. గుద్దు తీవ్రత సుమారు 25 శాతం తగ్గుతుందన్నది ఆ పరిశోధన అంచనా.

సంఖ్య కంటే పెద్ద మార్పు ఆట తీరులో వచ్చింది. గుద్దుతో గెలిచే అవకాశం తగ్గేసరికి స్క్రమ్ ఎక్కువసేపు సాగే బలప్రదర్శనగా మారింది. ఎడమ చేతి పట్టు ఎంత పొడవుగా, ఎంత ఎత్తున ఉంది; పాదాలు ఎంత వెనక ఉన్నాయి; మోకాలి కోణం ఎంత; ఎదుటివాడు ఊపిరి వదిలే క్షణం ఎప్పుడు వస్తుంది — ఇవి ముఖ్యమయ్యాయి. పాదాలు మరీ వెనక్కి పోతే ఒళ్లు చాచుకుపోయి, ఎదుటివాడు కాస్త వెనక్కి తగ్గినా ముఖం నేలకు తగులుతుంది. మరీ ముందుకొస్తే తోయడానికి కాళ్లలో చాపు మిగలదు. గుద్దునే నమ్ముకున్న కొందరు ప్రాప్‌లు ఈ మార్పుతో వెనకబడ్డారు. ఆడమ్ జోన్స్ అంతటివాడికీ కొత్త పద్ధతి కలిసిరాలేదు, 2014 తర్వాత వేల్స్‌కు ఆడలేదు. మ్టవరీరాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ప్రాప్‌కు బలం పండే వయసు. అతను ఆట మార్చుకున్నాడు. పీటర్ డివిలియర్స్, హేనెకే మేయర్, అలిస్టర్ కుట్జీ, రాసీ ఎరాస్మస్ — నలుగురు కోచ్‌ల హయాంలో జట్టులో ఉండటం ఊరికే జరగదు.

పౌరసత్వం, గుండె దడ

2010లో అతని కెరీర్‌కు వచ్చిన అడ్డంకి మైదానంలోది కాదు. అంతర్జాతీయ రగ్బీ నిబంధన ప్రకారం ఒక దేశానికి ఆడాలంటే పాస్‌పోర్టు అక్కర్లేదు; అక్కడ పుట్టకపోయినా, తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ నానమ్మల సంబంధం లేకపోయినా, అప్పట్లో మూడేళ్లు నివాసం ఉంటే చాలు. తర్వాత దాన్ని ఐదేళ్లు చేశారు. అయితే దక్షిణాఫ్రికా క్రీడా మంత్రిత్వ శాఖ జాతీయ జట్టులో ఉండేవాళ్లు దేశ పౌరులై ఉండాలని పట్టుబట్టింది. ఆట నిబంధన ప్రకారం అర్హుడు, ప్రభుత్వ విధానం ప్రకారం కాదు. అదే ఏడాది పౌరసత్వం రావడంతో చిక్కు తొలగింది.

ఆరోగ్యం రెండో అడ్డంకి. 2012లో గుండె దడ సమస్యతో ఆటకు దూరమై, చికిత్స తర్వాత తిరిగొచ్చాడు. స్క్రమ్‌లో ఊపిరి బిగబట్టి తోయడం, వెంటనే లేచి పరుగెత్తడం, నిమిషం తిరక్కుండా మళ్లీ తోయడం — ఇదీ ప్రాప్ పని. అలాంటి పనికి ఆ సమస్య తర్వాత మళ్లీ ఏడేళ్లు ఆడటం తేలిక కాదు. 2018 జూన్‌లో బ్లూమ్‌ఫాంటైన్‌లో ఇంగ్లండ్ మీద వందో టెస్టు ఆడాడు.

యొకొహామా, 2019 నవంబర్ 2

ప్రపంచకప్ ఫైనల్. సెమీస్‌లో న్యూజిలాండ్‌ను ఓడించిన ఇంగ్లండ్ మీదే అంచనాలు. మూడో నిమిషంలో వాళ్ల టైట్‌హెడ్ కైల్ సింక్లర్ సొంత జట్టు ఆటగాడు మారో ఇటోజే చెయ్యి తగిలి స్పృహ తప్పాడు. బెంచీ మీదున్న డాన్ కోల్ దిగాడు. కోల్ అనుభవజ్ఞుడే, స్క్రమ్ తెలిసినవాడే. కానీ చివర్లో ఇరవై, ముప్పై నిమిషాలు ఆడాల్సిన మనిషి దాదాపు 77 నిమిషాలు మోయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ బెంచీలో మరో టైట్‌హెడ్ లేడు.

అతనికి ఎదురుగా మ్టవరీరా. తొలి స్క్రమ్‌ల నుంచే కోల్ కాళ్లు వెనక్కి జారాయి, ఛాతీ లేచింది. ఫ్రెంచ్ రిఫరీ జెరోమ్ గార్సెస్ చెయ్యి దక్షిణాఫ్రికా వైపు లేచింది. డర్బన్‌లో చూసిన ఫలితమే, దారి వేరు. ఇక్కడ మొదటి గుద్దు లేదు. ముందుగా దొరికిన పట్టుతో, రెండో తోపుతో సాధించింది.

స్క్రమ్ పెనాల్టీ విలువ ఆ స్కోరులో చదవొచ్చు. పెనాల్టీ దొరికిన జట్టు గోలుకు కొడితే 3 పాయింట్లు. దూరమైతే బంతిని పక్క గీత దాటించి, 40 మీటర్లు ముందుకు జరిగి, లైనౌట్ (పక్క గీత దగ్గర నుంచి బంతిని లోపలికి విసరడం) తామే వేసుకోవచ్చు. రెండింటా లాభమే. దక్షిణాఫ్రికా కిక్కర్ హాండ్రే పొలార్డ్ ఆ రోజు ఆరు పెనాల్టీలు, రెండు కన్వర్షన్లు (ట్రై తర్వాత కొట్టే 2 పాయింట్ల కిక్‌లు) కొట్టి 22 పాయింట్లు చేశాడు. వాటిలో కొన్ని నేరుగా స్క్రమ్ ఇచ్చినవి. ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడం) అతని సహచరులు మపింపి, కోల్బే చివరి పదిహేను నిమిషాల్లో వేశారు, అప్పటికి ఇంగ్లండ్ అలసిపోయింది. 32–12. స్కోరు పట్టికలో మ్టవరీరా పేరు ఎక్కడా లేదు. పదకొండేళ్ల టెస్టు కెరీర్ మొత్తంలో అతని ట్రైలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రాప్ సంపాదన ఎప్పుడూ కిక్కర్ ఖాతాలోనే జమవుతుంది.

రెండో అర్ధభాగం మొదట్లోనే అతన్ని బయటికి పిలిచి స్టీవెన్ కిట్‌షాఫ్‌ను దించారు. బాగా ఆడుతున్నవాణ్ని ఎందుకు తీశారన్న ప్రశ్న అప్పట్లో చాలామందికి వచ్చింది. జవాబు బెంచీ నిబంధనలో ఉంది. 2009లో టెస్టు జట్టు అంటే 22 మంది. బెంచీ మీద ముందు వరుస వాళ్లు ఇద్దరే, ఒక ప్రాప్ అటూ ఇటూ రెండు పక్కలా సర్దుకోవాలి. తర్వాత 23 మందికి పెంచారు, మూడు ముందు వరుస స్థానాలకూ వేర్వేరు ప్రత్యామ్నాయం ఉండాలన్నారు. భద్రత కోసం తెచ్చిన మార్పు అది. శిక్షణ లేనివాణ్ని ముందు వరుసలో పెడితే మెడ విరిగే ప్రమాదం. ఎరాస్మస్ దాన్ని వ్యూహంగా మలిచాడు. ఎనిమిది మంది బెంచీలో ఆరుగురు ఫార్వర్డ్‌లను (స్క్రమ్‌లో తోసే ఆటగాళ్లను) పెట్టి, కిట్‌షాఫ్, మాల్కమ్ మార్క్స్, విన్సెంట్ కాఖ్‌లతో దాదాపు సమాన బలమున్న రెండో ముందు వరుసను సిద్ధం చేశాడు. మొదటి ముగ్గురికి ఎనభై నిమిషాల కోసం బలం దాచుకోవాల్సిన అవసరం లేదు. నలభై నిమిషాల్లో అంతా ఖర్చు పెట్టేసి వచ్చేయొచ్చు. మ్టవరీరా, కోల్ మధ్య తేడాలో సగం ఇదే: ఒకరు నలభై నిమిషాల పని చేస్తున్నారు, మరొకరు దాదాపు ఎనభై నిమిషాల పని.

ఆ తర్వాత

ఫైనల్ అయిన వారంలోపే అతను అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు. 117 టెస్టులతో అప్పటికి దక్షిణాఫ్రికా జాబితాలో విక్టర్ మాట్‌ఫీల్డ్, బ్రయన్ హబానా తర్వాత మూడో స్థానం. ఆ దేశపు ప్రాప్‌లలో మొదటి స్థానం. ప్రపంచ ప్రాప్‌లతో పోలిస్తే వేల్స్ లూజ్‌హెడ్ గెథిన్ జెంకిన్స్ 129తో అతని కంటే ముందున్నాడు. 2020లో అమెరికా మేజర్ లీగ్ రగ్బీలో వాషింగ్టన్ జట్టు ఓల్డ్ గ్లోరీ డీసీకి చేరాడు. కోవిడ్‌తో ఆ సీజన్ మార్చిలోనే ఆగిపోయింది. జులైలో పూర్తిగా తప్పుకున్నాడు, ముప్పై ఐదేళ్లు నిండటానికి కొద్ది రోజుల ముందు.

తన కాళ్ల మీద తాను, తన నిర్ణయంతో తప్పుకోగలగడం ఈ స్థానంలో చిన్న విషయం కాదు. యొకొహామాలో అతని స్థానంలోకి వచ్చిన కిట్‌షాఫ్ 2024లో దేశవాళీ మ్యాచ్‌లో మెడకు తీవ్రంగా దెబ్బ తగిలి, 2025 ఫిబ్రవరిలో ఆట మానుకోవాల్సి వచ్చింది. నంబరు 1 జెర్సీ ఇప్పుడు ప్రధానంగా ఆక్స్ న్చే అనే ప్రాప్‌ది. 2023 ప్రపంచకప్ సెమీస్‌లో ఇంగ్లండ్‌పై 16–15 గెలుపు అతని స్క్రమ్ నుంచే వచ్చింది: చివరి నిమిషాల్లో దొరికిన పెనాల్టీని పొలార్డ్ దాదాపు 50 మీటర్ల నుంచి గోలుకు కొట్టాడు.

ఇలా స్క్రమ్‌ను ఆయుధంగా వాడటాన్ని కొంతైనా తగ్గించాలని ప్రపంచ రగ్బీ సంస్థ చూస్తోంది. 2024 జులై నుంచి ఫ్రీకిక్ వచ్చినప్పుడు దాని బదులు స్క్రమ్ కోరుకునే వీలు తీసేశారు. 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద దక్షిణాఫ్రికా ఆటగాడు డేమియన్ విల్లెమ్స తమ 22 మీటర్ల ప్రాంతంలో బంతిని మార్క్‌గా పట్టి (ప్రత్యర్థి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టడం, దానికి ఫ్రీకిక్ వస్తుంది), తన్నకుండా స్క్రమ్ అడగడం చూసినవాళ్లకు ఈ మార్పు ఎవరి కోసమో సులభంగానే అర్థమవుతుంది. ఫార్వర్డ్‌లతో నిండిన బెంచీని నియంత్రించాలన్న చర్చ కూడా నడుస్తోంది. ఒకవేళ బెంచీ కుదిస్తే ప్రాప్‌లు మళ్లీ అరవై, డెబ్బై నిమిషాలు ఆడాల్సి వస్తుంది. అప్పుడు బరువు కొంత తగ్గాలి, ఊపిరి పెరగాలి. 2009లో బెంచీ మీద ఒకే ఒక్క ప్రాప్ ఉన్న రోజుల్లో మ్టవరీరా చేసింది అదే పని.